కుర్చీ అడుగున

"కాలర్ వదలరా పెద్దాడా! జనం చూస్తున్నారు!"

అత్తగారి గొంతు కోట గోడకి తగిలి వెనక్కొచ్చింది కానీ ఆవిడ పెద్దకొడుకైన వడ్రంగి మేస్త్రి చెయ్యి తమ్ముడి కాలర్ మీంచి రాలేదు. వ్యాను ఇంకా పూర్తిగా ఆగకముందే తలుపు తీసి కాలు కింద పెట్టాడో లేదో, చిన్నాణ్ణి బయటికి లాగి వ్యానుకే ఆనించి నొక్కాడు.

"చెప్తావా చెప్పవా? గురువారం వస్తే చాలు, మధ్యాహ్నం నుంచి కనపడవు. ఎవడి దగ్గర పని చేస్తున్నావ్?"

"పోయిన వారం సుత్తితో అడిగావు, చెప్పలేదు. ఇవాళ ఉత్త చేత్తో అడిగితే చెప్తానా అన్నయ్యా?"

చెంప ఛెళ్ళుమంది. కనుబొమ మీద పోయిన వారం వేసిన నాలుగు కుట్లలో ఒకటి తెగి, సన్నటి ఎర్రగీత కంటి పక్కనుంచి దవడ దాకా దిగింది. చిన్నాడు తుడుచుకోలేదు. ఆ మొండితనమే మేస్త్రిని ఇంకా మండిస్తుందని వాడికి తెలుసు. తెలిసే తుడుచుకోలేదు.

"నా పరువు తీసెయ్యండర్రా!" అత్తగారు ఇద్దరి మధ్యా దూరింది. "నలుగురం కలిసి బయటికెళ్ళి మనుషుల్లా నవ్వుకుని తిరిగొద్దామని టిక్కెట్లు తెప్పించానే, నన్ను అనాలి! లోపలికి నడవండి. ఇవాళ ఎవడైనా చెయ్యెత్తాడో, షాపుకి తాళం వేసి ఆ తాళంచెవి బావిలో పారేస్తా."

"మన షాపులో బావి లేదమ్మా," అన్నాడు చిన్నాడు.

"తవ్విస్తా!"

ఈ గొడవంతటిలో మేస్త్రి భార్య, ఆ ఇంటి పెద్దకోడలు, మెల్లగా వ్యాను దిగింది. తలెత్తి కోటని చూసింది. రెండు బురుజులు, అందులో ఒకటి సగం కూలినది. కందకంలో నీళ్ళకి బదులు గడ్డి. కోట అంటే కోటే గానీ చూడటానికి బాగా బతికి చెడ్డవాళ్ళ పెద్ద ఇల్లులా ఉంటుంది. దాని వెనక గేటు, వెనక షెడ్డు, ఆ షెడ్డు కిటికీ రెక్కకి ఉన్న చీలిక కూడా ఆమెకి తెలుసు. ముందు గేటు చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

ఊళ్ళో పార్కు లేదా, చెరువు లేదా, ఇంకేమీ దొరకలేదా ఈవిడకి! వ్యాను సగం దారి వచ్చాక గానీ ఎక్కడికెళ్తున్నామో చెప్పలేదు అత్తగారు. చెప్పినప్పటి నుంచీ ఆమె మేస్త్రి వైపు చూడకుండా కిటికీలోంచి బయటికే చూస్తూ వచ్చింది.

ఎందుకంటే చిన్నాడి గురువారాలన్నీ ఈ కోటలోనే గడిచాయి. పై అంతస్తు హాల్లో రాజుగారి కుర్చీ చెదలు తినేసి పిండైపోతే, అచ్చం అలాంటిదే ఇంకోటి చేసిపెట్టమని కోట మేనేజరమ్మ చిన్నాణ్ణి అడిగింది. వాడు పదకొండు గురువారాలు కూర్చుని చేశాడు. ముక్క తయారైనకొద్దీ పాలిష్ పెట్టింది పెద్దకోడలు. మేస్త్రి విరగ్గొట్టిన భుజానికి కట్టు కట్టించుకోవడానికి ఆస్పత్రికి అని చెప్పి, ఆ భుజంతోనే ప్రతి గురువారం వచ్చి పెట్టింది.

పని చూసి మేనేజరమ్మ ఇద్దరినీ ఉద్యోగంలోకి తీసుకుంటానంది, ఒకటో తారీఖు నుంచి. పెద్దకోడలికి వెనక వైపు ఒక గది కూడా. చిన్నదే. కానీ లోపల్నించి గడియ పెట్టుకోవచ్చు. పన్నెండేళ్ళ కాపురంలో ఆమె లోపల్నించి గడియ పెట్టుకుని పడుకున్న రాత్రి ఒక్కటి లేదు.

ఇంకా తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజుల్లో మేస్త్రికి తెలిసిందా, ఆ గది దాకా నడవడానికి ఆమెకి కాళ్ళుండవు.

దానికి మేనేజరమ్మ షరతు ఒకటి ఉంది. "ఇది నకలని కొత్త బోర్డు రాయించేదాకా ఇది పాత కుర్చీయే. మా గైడ్లకి కూడా తెలీదు. నోరు జారారా, పనీ లేదు, గదీ లేదు."

గైడమ్మాయికి ఇరవై నిండి ఉంటాయేమో. పాఠం ఒప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోతోంది, వెనకాల ఓ పాతికమంది జనం. మొదటి గదిలోనే మేస్త్రి అడ్డం పడ్డాడు.

"అమ్మాయ్, ఈ కిటికీ రెక్క తలకిందులుగా బిగించారు."

"అది రాజుల కాలం నాటిది సార్."

"అయితే రాజుగారే తలకిందులుగా బిగించి ఉంటాడు. బందులు చూడు."

జనం నవ్వారు. మేస్త్రికి హుషారొచ్చింది. బయటి జనం మధ్య ఆయన బంగారం. జోకులు వేస్తాడు, ముసలమ్మలకి చెయ్యి అందిస్తాడు, ఎవరిదో పాపని ఎత్తుకుని ఫిరంగి చూపించాడు కూడా. "మీవారు భలే సరదా మనిషండీ!" అంది పక్కనున్నావిడ. పెద్దకోడలు నవ్వింది. ఆ నవ్వుకి ఆమె మొహం ఎప్పుడో అలవాటు పడిపోయింది.

అత్తగారు మాత్రం నిజంగానే మురిసిపోతోంది. "చూశావా, పెద్దాడికి కోపం ఎంతసేపు? పాలపొంగు."

ఆ పాలపొంగు తనమీద ఎన్నిసార్లు పడిందో పెద్దకోడలు లెక్క చెప్పలేదు.

ఆయుధాల గదిలో గోడనిండా కత్తులు, ముళ్ళగదలు. మేస్త్రి ఒక గద ముందు ఆగి తల అటూ ఇటూ వంచి చూశాడు.

"పిడి బాలేదు. బలంగా కొడితే చెయ్యి జారిపోతుంది." ఆ తరవాత తమ్ముడి చెవి దగ్గరికి వంగి, నవ్వు మొహంతోనే, "నీకు సుత్తే ఎక్కువ," అన్నాడు.

"అందుకే కదా అన్నయ్యా, షాపులో గదలు పెట్టలేదు."

"ఇంటికెళ్ళాక ఆ నోరుంటుందేమో చూద్దాం."

పై అంతస్తుకి మెట్లు ఇరుకు. ఒకరి వెనక ఒకరే ఎక్కాలి. జనం ముందుకెళ్ళిపోయారు. మలుపు దగ్గర చీకటి. అక్కడ మేస్త్రి ఆగాడు, వెనక వస్తున్న భార్యని గోడకి నెట్టాడు. చెయ్యి సరిగ్గా ఆ భుజం మీదే పడింది. బొటనవేలు ఎముక అతుక్కున్న చోటు వెతుక్కుని అక్కడ ఆగింది.

"నీకు తెలుసు కదే వాడెక్కడికెళ్తున్నాడో."

"నాకెలా తెలుస్తుందండీ."

బొటనవేలు దిగింది. ఆమె కళ్ళముందు మెట్లు తెల్లబడ్డాయి. అరవలేదు. అరిస్తే ఇంకా లోతుకి దిగుతుందని తెలుసు.

"వాడు నీ దగ్గర కక్కకుండా ఉండడు. వదినా వదినా అని నీ కొంగు పట్టుకుని తిరుగుతాడుగా."

"మీరడిగితేనే చెప్పనివాడు నాకు చెప్తాడా?"

 పైన గైడమ్మాయి గొంతు వినిపిస్తోంది. కింద అత్తగారు "ఎవర్రా దారికి అడ్డం" అని ఆయాసపడుతోంది.

"ఇంటికెళ్ళాక ఇద్దర్నీ ఒకేసారి అడుగుతాను," అని వదిలాడు.

తొమ్మిది రోజులు లేవు. సాయంత్రం దాకానే ఉంది టైము. ఆ సంగతి ఆమెకి ఆ మెట్టు మీదే అర్థమైపోయింది. ఇంకెంత? హాలు ఒక్కటి దాటితే, వెనక గేటుకి దిగే దారి ఉంది, షెడ్డు ఉంది, మేనేజరమ్మ కాళ్ళు పట్టుకుని ఇవాళే గది ఇమ్మని అడగాలి. ఒక్క హాలు!

హాల్లో ఎర్ర తాడు, ఇత్తడి స్తంభాలు, వాటి వెనక తివాచీ మీద కుర్చీ. చేతులకి సింహం పంజాలు, వీపుకి చెక్కిన తీగ. కిటికీలోంచి పడ్డ ఎండకి తేనె పోసినట్టు మెరుస్తోంది. చిన్నాడు దానివైపు చూడకుండా సీలింగు చూస్తున్నాడు. వాణ్ణి చూస్తేనే ఎవరికైనా అనుమానం వస్తుంది.

"రాజుగారు ఆఖరిసారి కూర్చుని తీర్పు చెప్పింది ఈ కుర్చీలోనే," అంది గైడమ్మాయి. "దీని వయసు రెండొందల ఏళ్ళు."

మేస్త్రి పకపకా నవ్వాడు. "రెండొందల రోజులు కూడా లేవు!"

జనం గొల్లుమన్నారు. గైడమ్మాయి మొహం కందిపోయింది. "అలా అనకండి సార్. ఊరికే ఎలా చెప్తారు?"

"ఊరికే చెప్పను, చూపిస్తాను. ముందువైపు ఎవడైనా మోసం చెయ్యొచ్చమ్మా. కుర్చీ సంగతి తెలియాలంటే అడుగున చెయ్యి పెట్టాలి. కనపడని చోట ఎవడూ ఉప్పుకాగితం కూడా కొట్టడు. పాతదైతే దుమ్మూ చెదలూ, కొత్తదైతే ఉలి దెబ్బలు గరగరా తగుల్తాయి." తాడు దాటాడు.

"ఏమండీ," అంది పెద్దకోడలు. "ముట్టుకోవద్దని రాశారండీ."

"రాజుగారు కొడతాడా ఏంటి?"

మళ్ళీ నవ్వులు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, గారడీవాడిలా జనానికి అరచెయ్యి చూపించి, కుర్చీ కిందికి పోనిచ్చాడు.

నవ్వు మొహం మీద అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఆగిపోయాయి.

చెయ్యి కుర్చీ అడుగున ఆ మూల నుంచి ఈ మూలకి మెల్లగా వచ్చింది. నున్నగా, గాజుపలకలా ఉంది. పైన ఎన్ని పూతలు పాలిష్ ఉందో కిందా అన్నే పూతలు.

ఈ పని చేసేవాళ్ళలో అడుగుభాగానికి పాలిష్ పెట్టే పిచ్చిమనిషి ఒక్కతే ఉంది. కాపురానికొచ్చిన మొదటి ఏడు అందుకే తన్నులు తింది. "ఎవడు చూస్తాడే అడుగున? లక్కా స్పిరిటూ నీ అబ్బ తెచ్చిచ్చాడా?" అని ఆయన కొడితే, "చెయ్యి పెట్టినవాళ్ళకి తెలుస్తుందండీ" అంది. ఎన్ని తన్నినా ఆ అలవాటు మాత్రం పోలేదు. షెడ్డులో దొంగచాటుగా, ఎవరూ చూడని కుర్చీకి కూడా, చెయ్యి దానంతటదే కిందికెళ్ళిపోయింది. అప్పుడు ఆమెకి ఆలోచనే రాలేదు!

మేస్త్రి లేవలేదు. తల తిప్పలేదు.

"ఎన్నిసార్లు వెళ్ళావే ఆస్పత్రికి? భుజానికి కట్టని."

 జనానికి ఏమీ అర్థం కాలేదు. ఇంకేదో జోకు రాబోతోందని కొందరు నవ్వుతూనే ఉన్నారు.

"పదకొండుసార్లు," అన్నాడు ఆయనే. "గురువారాలే కదూ?"

"అన్నయ్యా, వదినకేం సంబంధం లేదు. నేనే బలవంతంగా..."

మేస్త్రి కుర్చీతో సహా లేచాడు. రెండు చేతులతో తలమీదికి ఎత్తి తిప్పాడు. చిన్నాడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక పటుక్కున విరిగిన చప్పుడు హాల్లో ఆ చివర ఉన్నవాళ్ళకి కూడా వినిపించింది. రెండో దెబ్బకి వాడు ఇత్తడి స్తంభం మీద పడ్డాడు. స్తంభాలన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి. మూడో దెబ్బ నేలకి తగిలి కుర్చీ ముందు కాలు విరిగింది. అతుకు దగ్గర ఊడలేదు, కర్ర మధ్యలోనే విరిగింది. చిన్నాడి అతుకు అలాంటిది.

జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ తలుపుకి పరిగెత్తారు. పాప ఏడుస్తోంది. గైడమ్మాయి "సెక్యూరిటీ! సెక్యూరిటీ!" అని అరుస్తోంది.

"నా అన్నం తింటూ, నా ఉలి పట్టుకుని, నా పెళ్ళాన్నే తీసుకొచ్చి..." మేస్త్రి కుర్చీని విసిరేశాడు. అది తలకిందులై, అడుగు పైకి వచ్చి పడింది. ఎర్రతాడు లాక్కుని తమ్ముడి మెడచుట్టూ వేసి, వీపు మీద మోకాలు పెట్టి లాగాడు.

"వదలరా! చచ్చిపోతాడురా!" అత్తగారు ఆయన వీపు మీద పిడికిళ్ళతో బాదుతోంది. ఆయనకి చీమ పాకినట్టు కూడా లేదు.

చిన్నాడి మొహం ఎర్రగా, తరవాత నల్లగా అయింది. కాళ్ళు తివాచీని తన్నుతున్నాయి. ఆ తన్నడం నెమ్మదించింది.

పెద్దకోడలు వంగి విరిగిన కాలు తీసుకుంది. దాని బరువు ఆమె చేతికి తెలుసు. ఎన్నిసార్లు రుద్దిందో!

మొదటి దెబ్బ మోచేతి మీద వేసింది. ఆయన తాడు వదల్లేదు. తల తిప్పి చూశాడు. "నువ్వా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు.

"నేనేనండీ," అంది ఆమె. రెండో దెబ్బ చెవి పైన వేసింది.

మేస్త్రి పక్కకి ఒరిగాడు. చిన్నాడు తాడు లాక్కుని, ఊపిరి కోసం చేపలా కొట్టుకుని, దగ్గి, వాంతి చేసుకున్నాడు. బతికాడు.

 మేస్త్రి తల కింద తివాచీ మీద నెత్తురు కొంచెం కొంచెంగా వెడల్పవుతోంది.

సెక్యూరిటీ అతను ఆయాసపడుతూ వచ్చాడు. వెనకే మేనేజరమ్మ. ఆవిడ ముందు కుర్చీని చూసింది, తరవాత మనుషుల్ని చూసింది.

"ఎవరు కొట్టారు ఈయన్ని?" అన్నాడు సెక్యూరిటీ.

"నేను," అన్నాడు చిన్నాడు, గొంతు గాలిలా వస్తోంది.

"అవును బాబూ, వీడే," అత్తగారు అందుకుంది. "అన్నదమ్ములు. ఇవాళ కొట్టుకుంటారు, రేపు కలిసిపోతారు. మేం ఇంటికెళ్ళి చూసుకుంటాం. ఏమే కోడలా, చెప్పు!"

అత్తగారి కళ్ళు కోడలి చేతిలో ఉన్నదాన్ని పారెయ్యమంటున్నాయి. చిన్నాడి కళ్ళూ అదే అంటున్నాయి.

"కుర్చీ కాలు నా చేతిలో ఉంటే వాళ్ళనడుగుతారేంటండీ?" అంది పెద్దకోడలు. "నేనే కొట్టాను. రెండుసార్లు."

మేస్త్రి కదిలాడు. కళ్ళు తెరిచాడు. సెక్యూరిటీ అతను పక్కన కూర్చుని మెడ కింద చెయ్యి పెట్టాడు. "సార్, వినిపిస్తోందా? మిమ్మల్ని కొట్టింది ఈవిడేనా? ఈవిడ మీకేమవుతారు?"

ఆయన చూపు మెల్లగా తిరిగింది. "అమ్మా," అన్నాడు తల్లిని చూసి. "చిన్నాడు," అన్నాడు తమ్ముణ్ణి చూసి. తరవాత ఆమె మీద ఆగింది. 

"ఈవిడెవరు?"

"ఒరేయ్! నీ పెళ్ళాంరా!" అత్తగారు గుండెలు బాదుకుంది.

"ఈవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు."

దెబ్బకి మతి పోయిందా, కావాలనే అంటున్నాడా? మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు విని ఆ రోజు తన్నులున్నాయో లేవో చెప్పగల మనిషి, ఆ ఒక్క మాట ఎటునుంచి వచ్చిందో పోల్చుకోలేకపోయింది.

సెక్యూరిటీ అతను తల గోక్కున్నాడు. "మేడమ్, ఈవిణ్ణి నేను వెనక షెడ్డు దగ్గర చూసినట్టుంది. మన మనిషేనా?"

మేనేజరమ్మ జవాబు చెప్పేలోపు తలుపు దగ్గర గుమిగూడిన జనాన్ని చూసింది. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. ఆవిడ పెద్దకోడలి కళ్ళలోకి సూటిగా చూసి, కనుబొమలు ఒక్క వెంట్రుకవాసి పైకి లేపింది. నోరు మూసుకో, గది ఇంకా ఉంది, అని.

"కాదు," అంది పైకి. "నేనూ ఎప్పుడూ చూడలేదు."

"మరి మీరెవరమ్మా?" అన్నాడు సెక్యూరిటీ. "ఆ పెద్దావిడ పెళ్ళాం అంటోంది, ఈయనకి మీరు తెలీదు, మేడమ్‌కి తెలీదు. ఎక్కణ్ణుంచొచ్చారు?"

నోరు మూసుకుంటే చాలు. గది ఉంటుంది. గడియ ఉంటుంది. చిన్నాడు నేల మీంచి తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వదినా, వద్దని.

పెద్దకోడలు కుర్చీ వైపు చూసింది. తలకిందులై ఎండలో పడుంది. మూడు కాళ్ళు పైకి, అడుగంతా అద్దంలా మెరుస్తూ. ఇన్నేళ్ళలో అటువైపు వెలుగు పడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఆ కుర్చీకి పాలిష్ పెట్టింది నేను," అంది, తలుపు దగ్గర ఉన్న ఆఖరి మనిషికి కూడా వినపడేలా. "మొన్నమొన్ననే. చేసింది మా మరిది. కావాలంటే అడుగున చెయ్యి పెట్టి చూడండి."

గైడమ్మాయి అందరికంటే ముందు కదిలింది. కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ పక్కన వంగి, చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!" అని మేనేజరమ్మ అరిచింది.

నేల మీద మేస్త్రి నవ్వాడు. చిన్నగా, పెదవి చివర్న. ఆ నవ్వు తరవాత ఏం వస్తుందో పన్నెండేళ్ళుగా ఆమె ఒంటికి తెలుసు.

చేతిలో కర్రని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.